తాతయ్యకు తెలిసిన రహస్యం
పాత గూఢచారి చిత్రాల గురించి పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

పాత గూఢచారి చిత్రాలను ఇంటిల్లిపాదీ కలిసి పెద్ద తెర మీద మళ్లీ చూడటం గురించి గత సంచికలో నాలుగు మాటలు రాసి, పాఠకుల అనుభవాలనూ సందేహాలనూ పంపమని కోరాను. వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం గుంటూరు, విజయవాడల నుంచే కావడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. సినిమా పంపిణీ కార్యాలయాలతో కళకళలాడిన గాంధీనగరం వీధుల్లో పోస్టర్లు చూస్తూ పెరిగినవారు, తెనాలి పక్కన బుర్రిపాలెంలో పుట్టిన కృష్ణను మన జేమ్స్ బాండ్ అని పిలుచుకున్నవారు ఈ విషయం మీద మాట్లాడకుండా ఎలా ఉంటారు? ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, ఆరు ఉత్తరాలకు ఇక్కడ సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. కాలేజీ రోజుల్లో స్నేహితులతో కలిసి గుంటూరులో రైలెక్కి విజయవాడ వెళ్లి, మార్నింగ్ షోలో 'ఫ్రమ్ రష్యా విత్ లవ్' చూశాను. ఇప్పుడు విజయవాడలో ఒక మల్టీప్లెక్స్ వారాంతాల్లో పాత ఇంగ్లీషు చిత్రాలు వేస్తోంది. ఆ చిత్రం కూడా రాబోతోందని విన్నాను. మా అబ్బాయిని, కోడలిని, పదహారేళ్ల మనవరాలిని, పదకొండేళ్ల మనవడిని వెంటబెట్టుకుని వెళ్లాలని నా కోరిక. మా అబ్బాయి మాత్రం, "ఇంట్లో అంత పెద్ద టీవీ ఉంది కదా నాన్నా, అందులోనే చూద్దాం, పిల్లలకు విసుగు పుడితే ఆపేయవచ్చు" అంటున్నాడు. అతనికి ఏమని జవాబు చెప్పాలో నాకు తోచడం లేదు.
— బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: మాస్టారూ, మీకు కావలసిన జవాబు మీ అబ్బాయి మాటలోనే ఉంది. విసుగు పుడితే ఆపేయవచ్చు అనే ఆ వెసులుబాటే పాత గూఢచారి చిత్రాన్ని చంపేస్తుంది. ఇప్పటి చిత్రాల్లో ఉత్కంఠ పోరాటాల్లో ఉంటుంది, వాటిని ఎక్కడ ఆపి ఎక్కడ మొదలుపెట్టినా పెద్దగా పోయేదేమీ లేదు. పాత చిత్రాల్లో ఉత్కంఠ అంతా ఎవరికి ఏం తెలుసు, ఎవరికి ఏం తెలియదు అనే లెక్కలో ఉంటుంది. ఆ లెక్కను ప్రేక్షకుడు మొదటి నుంచి చివరి దాకా మనసులో మోస్తూ కూర్చోవాలి, మధ్యలో దించితే మళ్లీ ఎత్తుకోవడం కష్టం.

మీరు చూసిన 1963 నాటి ఆ చిత్రాన్నే తీసుకోండి. రాబర్ట్ షా వేసిన హంతకుడి పాత్ర మనకు మొదటి ఘట్టంలోనే పరిచయమవుతుంది. అతను ఎంత నేర్పరో మనం కళ్లారా చూస్తాం. బాండ్‌కు మాత్రం అతనెవరో తెలియదు. ఇస్తాంబుల్‌లో అతను పెదవి విప్పకుండా బాండ్ వెంటే నీడలా తిరుగుతుంటాడు. ఓరియెంట్ ఎక్స్‌ప్రెస్ ఆగిన ఒక స్టేషనులో, బాండ్‌ను కలవవలసిన అసలు మనిషిని మట్టుపెట్టి, అతని పేరుతో రైలెక్కి, బాండ్‌తో చెయ్యి కలుపుతాడు. డైనింగ్ కారులో భోజనానికి కూర్చున్నప్పుడు చేపల వంటకంతో పాటు ఎర్ర వైన్ తెమ్మంటాడు. చేపలతో తెల్ల వైన్ తాగే ఆ కాలపు ఇంగ్లీషు పెద్దమనిషి ఎవరూ చేయని పని అది. బాండ్ గమనిస్తాడు, కానీ దానికి అర్థం ఏమిటో అప్పటికి తట్టదు. మనకు తెలిసినా మనం చెప్పలేం. ఆ తరువాత పెట్టెలో జరిగే కొట్లాటకు నేపథ్య సంగీతం లేదు, దెబ్బల చప్పుడు, అద్దాలు పగిలే చప్పుడు, రైలు చప్పుడు మాత్రమే వినిపిస్తాయి. ఆ కొట్లాట నిడివి తక్కువే అయినా అంత బలంగా తగలడానికి కారణం అంతకుముందు మనం ఓపికగా కూడబెట్టుకున్న భయం. ఇంట్లో అయితే ఆ భోజనం ఘట్టంలోనే ఎవరో ఒకరు కాఫీకి లేస్తారు, ఎవరి ఫోనో మోగుతుంది, ఎర్ర వైన్ సంగతి ఎవరూ పట్టించుకోరు. కాసేపటి తరువాత వచ్చే కొట్లాట అందరికీ మామూలు కొట్లాటగానే కనిపిస్తుంది. అప్పుడు మీ అబ్బాయి అన్నట్టు పిల్లలకు నిజంగానే విసుగు పుడుతుంది, తప్పు చిత్రానిది మాత్రం కాదు.

దర్శకుడు హిచ్‌కాక్ ఈ విషయాన్ని ఒక ఉదాహరణతో తరచూ వివరించేవారు. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి తెలియకపోతే, అది పేలినప్పుడు పదిహేను సెకన్ల ఉలికిపాటు కలుగుతుంది. ముందే తెలిస్తే, ఆ బల్ల చుట్టూ కూర్చున్నవారు పిచ్చాపాటీ మాట్లాడుకుంటున్నంతసేపూ, అంటే పదిహేను నిమిషాల పాటు, గుండె గొంతులోకి వస్తుంది. ఆయన 1959లో తీసిన 'నార్త్ బై నార్త్‌వెస్ట్' లోని పొలాల ఘట్టాన్ని మీ మనవడికి పెద్ద తెర మీద చూపించగలిగితే నాకు ఎంతో సంతోషం. గూఢచారి అని పొరపాటు పడిన శత్రువుల చేతికి చిక్కిన ఒక మామూలు మనిషి, ఎవరినో కలవడానికి వచ్చి, కనుచూపు మేర చెట్టూ చేమా లేని బీడు మధ్య రోడ్డు పక్కన బస్సు దిగి నిలబడతాడు. ఒక కారు వస్తుంది, వెళ్లిపోతుంది. ఇంకొకటి వస్తుంది, అదీ వెళ్లిపోతుంది. దూరాన పొలాల మీద మందు చల్లే చిన్న విమానం ఒకటి తిరుగుతుంటుంది. మాటలు దాదాపు ఉండవు, సంగీతం వినిపించదు. ఆ విమానం పెట్రోలు ట్యాంకరును గుద్దుకునే దాకా సంగీతమే లేదు. వేసవి మధ్యాహ్నం పల్నాడు దారిలో బస్సు కోసం ఒంటరిగా నిలబడ్డ వారెవరికైనా ఆ నిశ్శబ్దం అర్థమవుతుంది. టీవీలో ఆ మనిషి అగ్గిపుల్లంత కనిపిస్తాడు, చుట్టూ ఉన్న శూన్యం మనకు అందదు. హాలులో ఆ శూన్యం మన తల మీద నుంచి కాళ్ల దాకా పరుచుకుంటుంది, ఆ మనిషితో పాటు మనమూ ఆ ఎండలో నిలబడతాం. ఆ భేదాన్ని మాటల్లో ఒప్పించడం కష్టం, ఒక్కసారి చూపించడం సులువు. అందుకే మీ అబ్బాయితో వాదన పెట్టుకోకుండా, "ఈ ఒక్కసారికి నా మాట విను, టికెట్లు నేను తీస్తాను" అనండి.

ఇంకొక మాట. గుంటూరు నుంచి విజయవాడకు ముప్పై అయిదు కిలోమీటర్ల ప్రయాణాన్ని వృథా చేయకండి. దారిలో పిల్లలకు కథ చెప్పవద్దు, కాలం చెప్పండి. మొదటి బాండ్ చిత్రం లండన్‌లో విడుదలైంది 1962 అక్టోబరు 5న. క్యూబాలో సోవియట్ క్షిపణులు ఉన్నాయన్న కబురు అమెరికా అధ్యక్షుడు కెనెడీకి అందింది అదే నెల 16న. కరీబియన్ ద్వీపంలో కూర్చుని అమెరికా రాకెట్లను దారి తప్పించే దుర్మార్గుడి కథను జనం వినోదంగా చూస్తున్న రోజుల్లోనే, అదే సముద్రంలోని ఒక ద్వీపం గురించి ప్రపంచమంతా ఊపిరి బిగబట్టింది. మన సరిహద్దుల్లో చైనా యుద్ధం మొదలైంది కూడా ఆ నెల 20వ తేదీనే. అప్పుడు మీ ఇంట్లో రేడియో చుట్టూ ఎవరెవరు కూర్చున్నారో, మీ నాన్నగారు ఏమన్నారో గుర్తుంటే అది చెప్పండి. ప్రచ్ఛన్న యుద్ధం అన్న మాటను పాఠ్యపుస్తకంలో చదువుకున్న మీ మనవరాలికి ఆ మాట అప్పుడు వేరుగా వినిపిస్తుంది.

హాలుకు బయలుదేరే ముందు చిత్రానికి ఇచ్చిన సెన్సారు సర్టిఫికెట్ చూసుకోవడం మరిచిపోకండి. దాని సంగతి తరువాతి ఉత్తరంలో ఉంది.

ప్రశ్న: మాకు ఎనిమిదేళ్ల పాప, పద్నాలుగేళ్ల బాబు ఉన్నారు. మా మామగారికి పాత బాండ్ చిత్రాలంటే ప్రాణం. పిల్లలను కూడా తీసుకువెళదామని పట్టుబడుతున్నారు. ఆ చిత్రాల్లో ఆడవాళ్లను చూపించే తీరు, తాగుడు, చంపుకోవడం నాకు నచ్చవు. పెద్దాయన మనసు నొప్పించకుండా ఏం చేయాలి? పిల్లలను హాలులోకి రానిస్తారా?
— పటమట, విజయవాడ

సమాధానం: అమ్మా, ముందు నిబంధన సంగతి చెబుతాను. సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో చేసిన సవరణతో, అంతకుముందు ఒకటిగా ఉన్న 'యు/ఎ' తరగతిని వయసును బట్టి ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు అని మూడుగా విడదీశారు. ఆ వయసు నిండని పిల్లలకు ఆ చిత్రం చూపించవచ్చా లేదా అన్నది తల్లిదండ్రులు ఆలోచించి నిర్ణయించుకోవాలని దాని అర్థం. 'ఎ' సర్టిఫికెట్ ఉన్న చిత్రానికి మాత్రం పద్దెనిమిదేళ్లు నిండనివారిని తల్లిదండ్రులు వెంట ఉన్నా లోపలికి పంపకూడదు. పాత చిత్రమే కదా, ఎవరూ అడగరులే అనుకుని వెళ్లి, గేటు దగ్గర వెనక్కి తిరిగి రావడం పెద్దాయనకూ పిల్లలకూ చిన్నతనంగా ఉంటుంది. టికెట్టు కొనేటప్పుడే చూసుకోండి.

ఇక మీ అభ్యంతరం. అది న్యాయమైనది, దానిని పెద్దాయన ముందు గౌరవంగానే అయినా స్పష్టంగా చెప్పండి. నేను ఈ చిత్రాలను ప్రేమిస్తాను, అయినా వాటిని వెనకేసుకురాను. 1964లో వచ్చిన 'గోల్డ్‌ఫింగర్' లో, ఒక స్త్రీ వద్దు వద్దని తోసేస్తున్నా బాండ్ బలవంతంగా దగ్గరకు లాక్కుంటాడు, ఆ వెంటనే ఆమె మనసు మారినట్టు చూపించి దానిని సరసం అనిపిస్తారు. అది సరసం కాదు. పద్నాలుగేళ్ల బాబు ఆ ఘట్టం చూస్తే, ఇంటికి వచ్చాక దాని గురించి అతనితో మాట్లాడవలసిన బాధ్యత మీ మామగారిదే అని నేను అంటాను. తల్లి చెబితే మందలింపు అనుకుంటాడు. ఆ చిత్రాన్ని ప్రేమించే తాతయ్య స్వయంగా, "ఈ ఒక్కచోట వీళ్లు తప్పు చేశారురా" అంటే ఆ మాట వాడికి జీవితాంతం గుర్తుంటుంది. మన దేశాన్ని చూపించిన తీరు కూడా అలాంటిదే. 1983లో ఉదయ్‌పూర్‌లో తీసిన 'ఆక్టోపస్సీ' లో మన టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృత్‌రాజ్ నటించాడని మురిసిపోతాం, కానీ ఆ వీధుల నిండా పాములవాళ్లు, మేకుల పడక మీద పడుకునే సాధువులు, కత్తులు మింగేవాళ్లే కనిపిస్తారు. ఇతరులు మనల్ని ఎలా ఊహించుకున్నారో పిల్లలు తెలుసుకోవడం మంచిదే, పక్కన పెద్దవాళ్లు ఉన్నప్పుడు.

ఎనిమిదేళ్ల పాపను ఇప్పుడే తీసుకువెళ్లవద్దని నా సలహా. హింస ఒక్కటే కారణం కాదు. ఆ వయసు పిల్లలు మాటల మీద నడిచే కథను రెండు గంటలు చీకట్లో మోయలేరు, పైగా భయం కలిగించే ఒక్క బొమ్మే వారి మనసులో మిగిలిపోతుంది. ఒళ్లంతా బంగారు రంగు పూయడంతో చర్మానికి ఊపిరాడక ఒక అమ్మాయి చనిపోయిందని ఆ 1964 చిత్రంలోనే చెబుతారు. అది శాస్త్రం కాదు, మనుషులు ఊపిరి తీసుకునేది ఊపిరితిత్తులతోనే. బాబు దీని గురించి తప్పక అడుగుతాడు, జవాబు దగ్గర పెట్టుకోండి. ఆ పూట పాపతో కృష్ణా నది ఒడ్డున కాసేపు గడపండి, ఆమెకు తనను వదిలేశారన్న బాధ ఉండదు.

ప్రశ్న: డిటెక్టివ్ సినిమాకూ గూఢచారి సినిమాకూ అసలు తేడా ఏమిటి? మా తాతగారు రెండింటినీ ఒకటే అంటారు.
— డిగ్రీ విద్యార్థిని, అరండల్‌పేట, గుంటూరు

సమాధానం: మీ తాతగారు అద్దె పుస్తకాల షాపులో రెండు రకాల నవలలనూ ఒకే అరలోంచి తెచ్చుకుని చదివి ఉంటారు, అందుకని ఆయనను తప్పుపట్టలేం. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్ డిటెక్టివ్. నేరం జరిగిపోయాక వస్తాడు, జరిగినదాన్ని తవ్వి తీస్తాడు, చివరికి అందరి ముందూ నిజం చెబుతాడు. గూఢచారి పని జరగబోయేదాన్ని ఆపడం. పని పూర్తయినా అతను ఎవరికీ చెప్పుకోలేడు, కొన్నిసార్లు తన పేరు కూడా చెప్పుకోలేడు. డిటెక్టివ్ కథ నిజం బయటపడటంతో ముగుస్తుంది, గూఢచారి కథలో నిజం దాచడమే గెలుపు.

గూఢచారి మనకు ఇంగ్లీషు సినిమాలతో వచ్చినవాడు కూడా కాదు. రాజును 'చారచక్షువు' అన్నారు, అంటే చారులే కళ్లుగా గలవాడు. కౌటిల్యుడి అర్థశాస్త్రం గూఢచారులను ఒకచోట స్థిరపడి పనిచేసేవారు, తిరుగుతూ పనిచేసేవారు అని విభజించి, విద్యార్థి వేషంలో, గృహస్థు వేషంలో, వర్తకుడి వేషంలో, తాపసి వేషంలో ఎవరిని ఎలా నియమించాలో చెబుతుంది. విశాఖదత్తుడి 'ముద్రారాక్షసం' నాటకంలో పాములవాడి వేషంలో వచ్చేది రాక్షసుడు అనే పేరుగల మంత్రి పంపిన గూఢచారి. సంస్కృతం చదివే స్నేహితులు ఉంటే వారితో కలిసి ఆ నాటకం చదవండి, ఉత్కంఠ ఎలా నడపాలో అందులో ఉంది.

ప్రశ్న: మా నాన్నగారు కృష్ణగారి అభిమాని. పిల్లలకు ముందు 'గూఢచారి 116' చూపించాలని ఆయన అంటారు. అది బాండ్ చిత్రాలకు నకలు కదా, అసలు చూపించాక నకలు చూపించడమే సబబు అని నేను అంటాను. మా ఇద్దరిలో ఎవరి మాట సరైనది?
— సత్యనారాయణపురం, విజయవాడ

సమాధానం: మీ నాన్నగారి మాటే సరైనది, కారణాలు చెబుతాను.

కృష్ణ నాయకుడిగా పరిచయమైన 'తేనె మనసులు' 1965లో వచ్చింది. అందులో స్కూటరు మీద నుంచి కారు మీదకు దూకే సాహసాన్ని డూపు లేకుండా ఆయనే చేయడం చూసి నిర్మాత డూండీ 'గూఢచారి 116' కు ఎంచుకున్నారని సినిమా చరిత్ర చెప్పేవారు గుర్తు చేస్తుంటారు. మల్లికార్జునరావు దర్శకత్వంలో, జయలలిత నాయికగా ఆ చిత్రం 1966 ఆగస్టులో విడుదలైంది. పాకిస్థాన్‌తో యుద్ధం ముగిసి అప్పటికి ఏడాది కూడా కాలేదు. దేశంలోకి శత్రువులు చొరబడతారన్న భయం ఆనాటి ప్రేక్షకుడికి సినిమా ఊహ కాదు, వార్తాపత్రికలో రోజూ చదివిన సంగతి. పిల్లలకు ఈ నేపథ్యం చెబితే, కోటు వేసుకుని పిస్తోలు పట్టుకున్న మన నాయకుడిని జనం ఎందుకు అంతగా గుండెలకు హత్తుకున్నారో తెలుస్తుంది.

నకలు అన్న మాటకు వస్తాను. వేషం, నంబరు, పరికరాల సరదా బాండ్ చిత్రాల నుంచి వచ్చినవే, కాదనను. కానీ ఆ చిత్రానికి కెమెరా పట్టింది రవికాంత్ నగాయిచ్. 1961 నాటి 'సీతారామ కల్యాణం' లో రామారావుగారి రావణుడికి పది తలలు మొలిపించిన ఛాయాగ్రాహకుడు ఆయనే. అంటే, పౌరాణికాల్లో మాయలు చూపించడానికి మనవాళ్లు నేర్చుకున్న పనితనమే అయిదేళ్ల తరువాత గూఢచారి కథకు అక్కరకు వచ్చింది. ఆ ఛాయాగ్రాహకుడే మరుసటి ఏడు దర్శకుడై, ఇదే కథను జితేంద్రతో హిందీలో 'ఫర్జ్' గా తీసి ఘనవిజయం సాధించారు. బొంబాయి మన కథను తీసుకుందన్నమాట. ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు మనసు నిండుతుంది. 1968లో తమిళంలో ఎం.జి.ఆర్. గూఢచారి 115 అయ్యారు, అందులోనూ నాయిక జయలలితే. అదే ఏడు కన్నడంలో రాజ్‌కుమార్ 999 అయ్యారు. కృష్ణ 1971లో 777 అయ్యారు, 1989లో 117 అయ్యారు. దక్షిణాదిన ఇంత పెద్ద గూఢచారి కుటుంబం ఉండగా దాన్నంతటినీ నకలు అని ఒక్క మాటతో తోసేయడం నాకు బాధ కలిగిస్తుంది.

మన చిత్రం ముందు చూడాలనడానికి ఇంకో కారణం భాష. ఇంగ్లీషు చిత్రంలో ఆ కాలపు ఉచ్చారణను అందుకోవడానికే పిల్లల శ్రద్ధ సగం ఖర్చవుతుంది. తెలుగు చిత్రంలో ఎవరు ఏం దాస్తున్నారో గొంతును బట్టే పసిగట్టగలరు. చూడటం అక్కడ నేర్చుకుని, తరువాత బాండ్ దగ్గరకు వెళితే అతనిని ఇంకా బాగా ఆనందిస్తారు. పెద్ద తెర దొరుకుతుందా అంటారేమో. కృష్ణ మరణించిన తరువాత వచ్చిన తొలి జయంతికి, 2023 మే 31న, ఆయన కౌబాయ్ చిత్రం 'మోసగాళ్లకు మోసగాడు' ను 4కె అనే ఎక్కువ స్పష్టత గల రూపంలో మళ్లీ విడుదల చేశారు. అది 1971 నాటి చిత్రం. కాబట్టి దారి లేకపోలేదు. అభిమాన సంఘాలతో మీ నాన్నగారికి పరిచయం ఉంటే, పుట్టినరోజున వేసే ప్రత్యేక ప్రదర్శనకు ఈ చిత్రాన్ని అడగమనండి. హాళ్లవారు పది మంది అడిగితే పట్టించుకోరు, నూరు మంది అడిగితే ఆలోచిస్తారు.

ప్రశ్న: ఇటీవల మేము చూసిన ఒక పాత చిత్రంలో తెరకు రెండు పక్కలా నల్లగా వదిలేశారు. డబ్బు పూర్తిగా తీసుకుని తెర సగమే చూపిస్తారా అని మా బావగారు గొడవపెట్టారు. పైగా బొమ్మ మరీ తేటగా ఉండి, కారు వెనక కదిలే రోడ్డు వేరే ఫిల్ము అని తెలిసిపోయింది. మొహాలు మైనపు బొమ్మల్లా ఉన్నాయి. పాతదాన్ని కొత్తగా చేయడం అంటే ఇదేనా?
— భవానీపురం, విజయవాడ

సమాధానం: మీ బావగారికి నచ్చజెప్పండి, ఆ హాలువారు చేసింది సరైన పనే. చిత్రాన్ని ఏ చట్రంలో తీశారో ఆ చట్రంలోనే చూపించారు. మొదటి మూడు బాండ్ చిత్రాలు తక్కువ వెడల్పు చట్రంలో తీసినవి. 1965లో వచ్చిన నాలుగవది, 'థండర్‌బాల్', స్కోప్ అనే బాగా వెడల్పైన చట్రంలో తీసిన మొదటి బాండ్ చిత్రం. తక్కువ వెడల్పు బొమ్మను తెర నిండా సాగదీస్తే మనుషులు లావెక్కుతారు, లేదా పైనా కిందా కత్తిరించి తలలు, చేతులు పోగొట్టవలసి వస్తుంది. గూఢచారి చిత్రంలో చేతిలో ఏముందో కనిపించకపోతే ఇంకేముంది!

కారు వెనక రోడ్డు సంగతి వేరు. ఆ రోజుల్లో నటులను స్టూడియోలో నిలిపి ఉంచిన కారులో కూర్చోబెట్టి, వెనక తెర మీద ముందే తీసిన రోడ్డును నడిపించేవారు. నెగెటివ్ నుంచి ఒక ప్రతి, దాని నుంచి మరో ప్రతి తీస్తూ చివరికి హాలుకు వచ్చే ప్రింటులో బొమ్మ కొంత మెత్తబడి, ఆ అతుకు మనకు కనిపించేది కాదు. ఇప్పుడు నేరుగా అసలు నెగెటివ్‌నే స్కాన్ చేస్తున్నారు గనుక, ఆనాటి మొదటి రోజు ప్రేక్షకుడు కూడా చూడనంత వివరం మనం చూస్తున్నాం. ఇది లోపం కాదు. పిల్లలకు చూపించి, ఎలా తీశారో చెప్పండి, సరదాపడతారు.

మైనపు మొహాలు మాత్రం నిజంగా లోపమే. ఫిల్ము మీద బొమ్మ సన్నని రేణువులతో ఏర్పడుతుంది. సెకనుకు 24 బొమ్మల లెక్కన రెండు గంటల చిత్రంలో 1,72,800 బొమ్మలు ఉంటాయి. వాటి మీది గీతలు, మరకలు తుడిచేటప్పుడు కంప్యూటర్‌కు పని పూర్తిగా అప్పగిస్తే, అది రేణువును కూడా మురికి అనుకుని తుడిచేస్తుంది. దాంతో చర్మం మీది ముడతలు, కంటి కింది నీడలు పోతాయి. శ్రద్ధగల సంస్థలు మనుషులను కూర్చోబెట్టి బొమ్మ బొమ్మనూ చూసుకుంటాయి. అందుకే ఆ పనికి నెలలు పడుతుంది, ఖర్చూ అవుతుంది. మన పాత తెలుగు చిత్రాల నెగెటివ్‌లకు అంత అదృష్టం కూడా తక్కువ. ఆ కాలపు ఫిల్ము వేడికి, తేమకు పుల్లటి వాసన వేస్తూ ముడుచుకుపోతుంది, ఒకసారి మొదలైతే వెనక్కి తిప్పలేరు. మన కోస్తా వాతావరణంలో డబ్బాలు ఎలా ఉంటాయో ఊహించుకోండి. ఉన్న నాలుగు చిత్రాలకైనా టికెట్టు కొని వెళ్లడం ఎందుకు అవసరమో మీ బావగారికి ఈ కోణంలోనూ చెప్పండి.

ప్రశ్న: మా వారికి ఈ చిత్రాలన్నీ కంఠతా వచ్చు. హాలులో నా పక్కన కూర్చుని, "ఇప్పుడు చూడు, వాడు తుపాకీ తీస్తాడు", "ఈవిడ శత్రువుల మనిషే" అంటూ అన్నీ ముందే చెప్పేస్తారు. ఈసారి మనవళ్లు కూడా వస్తున్నారు. ఆయన నోరు ఎలా మూయించను?
— కొత్తపేట, గుంటూరు

సమాధానం: అమ్మా, మీ వారి తొందర నాకు బాగా తెలుసు. నాకు ఇష్టమైన ఘట్టం దగ్గర పడుతున్నప్పుడు పక్కవారి మోచేయి పట్టుకోకుండా ఉండటం నాకూ కష్టమే. ఆయన మీకు చెప్పేది కథ తెలుసని చూపించుకోవడానికి కాదు, తనకు దొరికిన ఆనందం మీకు తప్పిపోతుందేమో అన్న బెంగతో. కాబట్టి కసరవద్దు. ఇంటి దగ్గరే ఆయనకు ఒక బాధ్యత అప్పగించండి. కథ తెలిసినవారు ఇంట్లో ఆయన ఒక్కరే, ఆ రహస్యాన్ని చివరి దాకా దాచవలసినవారూ ఆయనే అని మనవళ్ల ముందే ప్రకటించండి. పిల్లలు ఇంటర్వెల్‌లో ఆయన చుట్టూ చేరి, "చెప్పు తాతయ్యా, ఆ అమ్మాయి మంచిదేనా?" అని ప్రాణం తీస్తారు. ఆయన చెప్పకుండా తట్టుకోగలరో లేదో మీరు చూడండి.

కూర్చునే చోటు కూడా ముఖ్యమే. ఆయనను మీ పక్కన కాక, అందరికంటే చిన్న మనవడి పక్కన కూర్చోబెట్టండి. మధ్య వరుసల్లో అయితే తెర చివరి నుంచి చివరి దాకా మెడ తిప్పకుండా అందుతుంది. తుపాకీ తీసే ఘట్టం వచ్చేసరికి తెర వైపు చూడవద్దని, మనవడి మొహం వైపు చూడమని చెప్పండి. ఆ ఘట్టాన్ని ఆయన ఎన్నోసార్లు చూసి ఉంటారు గానీ, ఆ మొహంలో ఎప్పుడూ చూసి ఉండరు.